తీర్పు మనది... చదివేది వాళ్లు!

ఓట్ల లెక్కింపు ముగిసిన సాయంత్రం మన ఊళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. గెలిచినవాళ్లు టపాసులు కాలుస్తారు. "మా విధానాలకు ప్రజలు పట్టం కట్టారు" అంటారు. ఓడినవాళ్లు "డబ్బు గెలిచింది, మందు గెలిచింది" అంటారు. పొదిలి బస్టాండు దగ్గర టీకొట్ల ముందు రెండు రోజులు వాదన నడుస్తుంది. మూడో రోజుకు మళ్లీ నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న మాటే మిగులుతుంది. ఈ మొత్తం గోలలో ఓటేసిన మనిషిని పక్కకు పిలిచి "ఏం కోరి వేశావయ్యా?" అని అడిగినవాడు ఒక్కడూ ఉండడు.

ఐదేళ్లకోసారి వచ్చే ఎన్నికలో ఓటరు వంద సంగతులు కలిపి ఒకే ఓటు వేస్తాడు. మధ్యలో వచ్చే ఎన్నిక అలాంటిది కాదు. ఉపఎన్నిక కావచ్చు, శాసనమండలి ఎన్నిక కావచ్చు. ఆ ఫలితంతో ప్రభుత్వం మారదు. అందుకే మనసులో మాట చెప్పడానికి ఓటరుకు అది మంచి అదను. అయితే ఆ మాట పాలకుల చెవికి సూటిగా చేరిన సందర్భాలున్నాయి, గాలికి పోయిన సందర్భాలూ ఉన్నాయి. తేడా ఎక్కడుంది? రాష్ట్రం అడిగేవాళ్లయినా, జిల్లా అడిగేవాళ్లయినా, వెలిగొండ నీళ్లు అడిగేవాళ్లయినా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదేనని మేము అనుకుంటున్నాం.

మన చేతిమీద జరిగిన సంగతితోనే మొదలుపెడదాం. 2023 మార్చి 13న మండలి ఎన్నికలు జరిగాయి. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాల పట్టభద్రుల స్థానానికి "తూర్పు రాయలసీమ" అని పేరు. మనం కోస్తానా, సీమా అన్న చర్చ ఇంకా తెగలేదు గానీ మండలి లెక్కల్లో మాత్రం మనం సీమలోనే ఉన్నాం! ఆ స్థానంలో తెలుగుదేశం అభ్యర్థి కంచర్ల శ్రీకాంత్ గెలిచారు. ఉత్తరాంధ్ర, పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానాలు కూడా అదే పార్టీకి పోయాయి. పాత లెక్కలో తొమ్మిది జిల్లాల చదువుకున్న ఓటర్లు ఒకే మాట చెప్పారు. అంతకు నాలుగేళ్ల కిందట 151 సీట్లతో గద్దెనెక్కిన పార్టీకి ఇది గట్టి హెచ్చరిక. అధికారపక్షం ఏమంది? ఈ ఓటర్లు సమాజంలో ఒక చిన్న భాగమేనంది, మొత్తం జనాభిప్రాయానికి ఇది కొలమానం కాదంది. పద్నాలుగు నెలలు తిరిగాయి. 2024 జూన్‌లో 151 కాస్తా 11 అయింది.

పట్టభద్రులు ఎందుకు అలా వేశారో తెలుసుకోవడానికి పెద్ద సర్వేలు అక్కర్లేదు. 2021 జూన్‌లో ఎంతో ఆశపెట్టి విడుదల చేసిన ఉద్యోగ క్యాలెండరులో ఉన్నవి 10,143 పోస్టులు. డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న పిల్లలు మన ప్రాంతంలో ఊరూరా ఉన్నారు. ఆ ప్రభుత్వం డీఎస్సీ ప్రకటన ఇచ్చింది 2024 ఫిబ్రవరిలో, అంటే ఇల్లు కాలాక బావి తవ్వినట్టు. నిరుద్యోగి అడిగింది ఒక్కటే: "పోస్టులు వేయండి." ఆ ప్రశ్నలో గందరగోళం లేదు. అందుకే జవాబు కూడా వచ్చింది. 2024 జూన్ 13న కొత్త ముఖ్యమంత్రి బాధ్యతలు తీసుకుని పెట్టిన మొదటి సంతకం 16,347 పోస్టుల డీఎస్సీ ఫైలు మీద. 2025లో నియామకాలు జరిగాయి. ఇది ఏ నాయకుడి దయా కాదు. 2023 మార్చిలో పడిన ఓటును ఒక పార్టీ చదువుకోనని మొండికేసింది, ఇంకో పార్టీ చదువుకుంది.

ఇక ఉద్యోగుల సంగతి. సీపీఎస్ రద్దు చేస్తామని 2019లో ఇచ్చిన హామీ నిలబడలేదు. దాని బదులు జీపీఎస్ అన్నారు. టీచర్లు రోడ్డెక్కారు, కలెక్టరేట్ల ముందు బైఠాయించారు. ఇంత కోపం ఉండి కూడా ఏమైంది? 2023లో అదే రోజు, అదే మూడు జిల్లాల్లో జరిగిన ఉపాధ్యాయ స్థానం ఎన్నికలో గెలిచింది అధికార వైఎస్సార్ కాంగ్రెస్ బలపరిచిన అభ్యర్థే. పశ్చిమ రాయలసీమ ఉపాధ్యాయ స్థానం కూడా అదే దారి పట్టింది. సంఘానికో అభ్యర్థి, అభ్యర్థికో హామీ, మధ్యలో కులం, బంధుత్వం, బదిలీ సిఫారసు. ఇన్ని పాయలుగా చీలాక సీపీఎస్ అన్న మాట ఓట్ల పెట్టెలో ఎక్కడ వినపడుతుంది? ఆ సమస్య అక్కడే ఎందుకు ఆగిపోయిందో మన ఉద్యోగ మిత్రులు ఇప్పటికైనా ఆలోచించాలి. రోడ్డు మీద కోపం ఒకటి, బ్యాలెట్ మీద అంకె ఇంకొకటి అయితే పాలకుడు తనకు అనుకూలమైనదే చదువుకుంటాడు.

నల్లమల దాటితే నంద్యాల. గిద్దలూరు వాళ్లకు పొరుగిల్లు. 2017 ఆగస్టులో అక్కడ ఉపఎన్నిక వచ్చింది. మంత్రులంతా ఊళ్లో మకాం వేశారు. రోడ్లు వెడల్పయ్యాయి, ఇళ్లు మంజూరయ్యాయి. అధికార తెలుగుదేశం 27 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచింది. మా పాలనకు ఇదే ప్రజల తీర్పు అని సంబరాలు చేసుకున్నారు. 2019లో అదే నంద్యాల ఎదుటి పార్టీకి పోయింది, రాష్ట్రం మొత్తం మీద తెలుగుదేశానికి 23 సీట్లు మిగిలాయి. ఆ తర్వాత వచ్చినవాళ్లు పాఠం నేర్చుకున్నారా? లేదు. 2022 జూన్‌లో నెల్లూరు జిల్లా ఆత్మకూరు ఉపఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ 82,888 ఆధిక్యంతో గెలిచింది. ప్రధాన ప్రతిపక్షం పోటీలోనే లేదు. అయినా సంక్షేమ పథకాలకు జనం వేసిన ముద్ర అన్నారు. తొమ్మిది నెలలకే ఆ జిల్లా పట్టభద్రులు వ్యతిరేకంగా ఓటేశారు. రెండేళ్లకు ఆత్మకూరు సీటు కూడా పోయింది.

ఓటరు అబద్ధమాడాడా? ఆడలేదు. ప్రభుత్వం ఇంకా ఏడాదో రెండేళ్లో ఉంటుందని తెలిసినప్పుడు ఆ ప్రభుత్వంతో పని చేయించుకోవడం ఓటరు తెలివి. రోడ్డు వేస్తామన్నవాడికి ఓటు వేశాడు, రోడ్డు వేయించుకున్నాడు. అంతవరకే ఆ బేరం. దాన్ని ఐదేళ్ల పాలనకు మెచ్చుకోలుగా చదువుకోవడం చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం లాంటిది.

ఇది ఈనాటి జబ్బు కాదు. ఆంధ్ర రాష్ట్రం పుట్టిన పదమూడు నెలలకే ప్రకాశం పంతులు ప్రభుత్వం పడిపోయింది. ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన ఆ మనిషి ప్రభుత్వాన్ని 1954 నవంబరులో పడగొట్టింది మద్యనిషేధం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానం, అదీ ఒక్క ఓటు తేడాతో. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. అప్పటికి మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. కల్లు దుకాణాలు ఉండాలా, వద్దా అన్న ప్రశ్న మీద ప్రభుత్వం పడితే ప్రచారమంతా కమ్యూనిస్టులు రావాలా, వద్దా అన్నదాని మీద నడిచింది. కాంగ్రెస్ ఐక్య కూటమికి 196లో 146 సీట్లు. కమ్యూనిస్టులకు ఓట్లు నూటికి 31 దాకా వచ్చాయి, సీట్లు మాత్రం 15. సీట్లు చూసినవాడు కమ్యూనిస్టులను జనం తుడిచిపెట్టారని రాశాడు. ఓట్లు చూసినవాడికి ప్రతి పదిమందిలో ముగ్గురు భూమి అడుగుతున్నారని అర్థమై ఉండాలి. మద్యం సంగతి జనం ఏం చెప్పారో మాత్రం ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మన పాఠకులు తరచూ చెప్పుకునే తెలంగాణ ఉపఎన్నికల దగ్గరికి వద్దాం. చాలామందికి అందులో గెలుపులే గుర్తుంటాయి. మేము ఓటమి నుంచే మొదలుపెడతాం. 2006 డిసెంబరులో కరీంనగర్ లోక్‌సభ ఉపఎన్నిక. తెలంగాణ వాదం ఉందా, లేదా అని ఒక మంత్రి సవాలు చేస్తే కేసీఆర్ రాజీనామా చేసి రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ప్రశ్న ఒక్కటే, జవాబు ఒక్కటే. 2008లో నలుగురు ఎంపీలు, పదహారుమంది ఎమ్మెల్యేలు కలిసి రాజీనామా చేశారు. మేలో జరిగిన ఉపఎన్నికల్లో తిరిగి దక్కినవి రెండు ఎంపీ సీట్లు, ఏడు అసెంబ్లీ సీట్లు. అదే కరీంనగర్‌లో ఆధిక్యం పదిహేను వేల దగ్గరికి జారింది. ఏడాదిన్నరలో జనం తెలంగాణ వద్దనుకున్నారా?

వద్దనుకోలేదు. ఈసారి ఎన్నిక అడిగిన ప్రశ్న కలగాపులగమైంది. కాంగ్రెస్ అభ్యర్థి మేమూ తెలంగాణకు అనుకూలమే, ఇచ్చేది మేమే అన్నాడు. అప్పుడే రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలైంది, పింఛన్లు, ఆరోగ్యశ్రీ నడుస్తున్నాయి. ఇన్ని రాజీనామాలు ఇప్పుడెందుకన్న విసుగూ ఉంది. ఫలితం రాగానే తెలంగాణ వాదం అయిపోయిందని రాసినవాళ్లున్నారు. కానీ లోపల లెక్కలు వేసుకున్న పార్టీలు వేరేగా చదివాయి. అదే ఏడాది అక్టోబరులో తెలుగుదేశం తెలంగాణకు అనుకూలంగా తీర్మానం చేసింది. గెలిచిన ఎన్నిక కన్నా ఓడిన ఎన్నిక ఎక్కువ పని చేసిన సందర్భం ఇది.

2010 జులై నాటికి కలగాపులగం విడిపోయింది. మధ్యలో 2009 డిసెంబరు 9 ప్రకటన వచ్చింది. రెండు వారాలకే డిసెంబరు 23న దాన్ని నీరుగార్చారు. ఉస్మానియా విద్యార్థులు లాఠీలు తిన్నారు. ఎవరు ఎటున్నారో జనానికి అద్దంలా కనపడింది. పన్నెండు అసెంబ్లీ స్థానాలకు ఉపఎన్నికలు జరిగితే పదకొండు టీఆర్ఎస్‌కు, నిజామాబాద్ అర్బన్ బీజేపీకి వచ్చాయి. రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడే ఓడిపోయాడు. జనం రెండేళ్లలో మారలేదు, ఎన్నిక అడిగిన ప్రశ్న మారింది.

అయితే స్పష్టమైన తీర్పు ఒక్కటే చాలదని చెప్పే చరిత్ర కూడా మన దగ్గరే ఉంది. 1971 మార్చిలో లోక్‌సభ మధ్యంతర ఎన్నికలు. దేశమంతా ఇందిరాగాంధీ గాలి. ఆ గాలికి ఎదురొడ్డి తెలంగాణలోని పద్నాలుగు సీట్లలో పది తెలంగాణ ప్రజాసమితి గెలిచింది. అంతకన్నా సూటిగా జనం ఏం చెప్పగలరు? ఆర్నెల్లు తిరిగేసరికి ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ముఖ్యమంత్రి మారాడు, రాష్ట్రం రాలేదు. ఏరు దాటాక తెప్ప తగలేశారు. ఆ తీర్పు అమలు కావడానికి 2014 జూన్ 2 దాకా, నలభై మూడేళ్లు పట్టింది. ఓటరు తీర్పు రాస్తాడు, దాన్ని అమలు చేయించేది ఉద్యమం. ఉద్యమం నాయకుడి జేబులోకి పోయిన రోజున తీర్పు చిత్తుకాగితం అవుతుంది.

ఇక మన గడ్డకు వద్దాం. గిద్దలూరు సంగతి చూడండి. 2009లో ప్రజారాజ్యం తరఫున అన్నా రాంబాబు గెలిచారు. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున ముత్తుముల అశోక్‌రెడ్డి. 2019లో మళ్లీ రాంబాబు, ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున, 81 వేల ఆధిక్యంతో. 2024లో మళ్లీ అశోక్‌రెడ్డి, ఈసారి తెలుగుదేశం తరఫున, వెయ్యిలోపు ఓట్ల తేడాతో. మనుషులు ఇద్దరే, జెండాలు మూడు. ఇందులో గిద్దలూరు రైతు ఏ విధానం కోరాడో ఎవరైనా చదివి చెప్పగలరా? 81 వేల ఆధిక్యం ఇచ్చి ఏం అడిగాం? దాన్ని తీసేసి ఏం అడిగాం?

ఇంకో మాట. 2014లో గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 23 మంది ఆ తర్వాత తెలుగుదేశంలోకి మారారు. అందులో గిద్దలూరు ఉంది, ఎర్రగొండపాలెం ఉంది. ఒక్కరూ రాజీనామా చేయలేదు. నియోజకవర్గం అభివృద్ధి కోసమే అన్నారు. నిజంగా వెలిగొండ కోసమే పోయి ఉంటే, రాజీనామా చేసి వచ్చి "నీళ్ల కోసం పార్టీ మారుతున్నా, ఒప్పుకుంటే ఓటెయ్యండి" అని అడిగి ఉండాల్సింది. అప్పుడు పశ్చిమ ప్రకాశం నీళ్ల మీద తన మాట రాష్ట్రానికి వినిపించేది. తెలంగాణ వాళ్లకు రాజీనామాలు దక్కాయి, ఉపఎన్నికలు దక్కాయి, గెలుపోటములు దక్కాయి. మనకు దక్కినవి కండువాలు!

వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. 43.5 టీఎంసీల నీళ్లు, మూడు జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలు, పదిహేను లక్షల మందికి తాగునీరు అని లెక్క. ఒక్కొక్కటి పద్దెనిమిది కిలోమీటర్లు దాటిన రెండు సొరంగాలు. మొదటిది 2021లో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయి. ముంపు గ్రామాల నిర్వాసితులకు పునరావాసం పూర్తి కాకుండానే 2024 మార్చిలో, ఎన్నికల ముంగిట, ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. జూన్‌లో ఏమైంది? సొరంగాలు దొలిచిన దోర్నాల ఉన్న ఎర్రగొండపాలెంలో అప్పటి అధికారపక్షం గెలిచింది. రాష్ట్రం మొత్తం మీద దానికి దక్కిన 11 సీట్లలో అదొకటి, దర్శి ఇంకొకటి. నీళ్లు పారాల్సిన మార్కాపురం, గిద్దలూరు, కనిగిరిలో ఓడిపోయింది. సొరంగం చూసి ఓటేశారా, పరిహారం చూసి వేశారా, అభ్యర్థిని చూసి వేశారా? ఎవరికి వారు తమకు నచ్చినట్టు చదువుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా ఎన్నికలప్పుడల్లా వెలిగొండ పేరు వినపడుతూనే ఉంది. వెలిగొండ మీద ఎన్నిక మాత్రం ఒక్కటీ జరగలేదు.

అలాగని మనకు చేతకాదని కాదు. మార్కాపురం జిల్లా సంగతి గుర్తు చేసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పశ్చిమ ప్రాంతాన్ని ఒంగోలుకే కట్టేసి ఉంచారు. చిన్న కాగితం పనికి గిద్దలూరు మనిషి వంద కిలోమీటర్లు దాటి పోవాల్సిందే. వకీళ్లు, విద్యార్థులు, వ్యాపారులు, పలకల కార్మికులు ఒకే మాట పట్టుకున్నారు: జిల్లా కావాలి, మార్కాపురం కేంద్రంగా కావాలి. దీక్షలు చేశారు, బంద్‌లు చేశారు. ఏ పార్టీ వాడు ఊళ్లోకి వచ్చినా అదే ప్రశ్న వేశారు. 2024 ఎన్నికల ప్రచారంలో చంద్రబాబు హామీ ఇవ్వక తప్పలేదు. 2025 ఆఖరున జిల్లా వచ్చింది. అడిగిన మాట ఒకటైతే పాలకుడికి తప్పుగా చదివే వీలుండదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఆ పట్టు నీళ్ల మీద ఎందుకు పట్టలేకపోయాం? ఫ్లోరైడు నీళ్లకు పొదిలి, కనిగిరి పల్లెల్లో నడుములు వంగిపోయాయి. బత్తాయి తోటలు ఎండితే గొడ్డలి పెట్టుకున్నాం. పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి హైదరాబాదుకు, బెంగళూరుకు మూట కట్టాం. ఇంత బాధ ఉండి కూడా ఓటు దగ్గరికి వచ్చేసరికి మన మాట కులానికొకటి, పార్టీకొకటి అయిపోతోంది. తప్పు నాయకులదే అనడం తేలిక. తప్పులో మనకూ వాటా ఉంది.

అందుకే మేము చెప్పేది ఇది. స్థానిక ఎన్నికలు కానీ, మండలి ఎన్నికలు కానీ, ఉపఎన్నిక కానీ, మధ్యలో ఏది వచ్చినా ముందు ప్రశ్న మనం రాయాలి. నిర్వాసితులకు చివరి రూపాయి ఏ తేదీకి ఇస్తారు? కాలువ నీళ్లు ఏ మండలానికి ఏ తేదీకి చేరతాయి? బడ్జెట్‌లో ఈ ఏడు ఎంత పెడతారు? ఇవి మూడే. ప్రతి అభ్యర్థి దగ్గరా కాగితం మీద సంతకంతో జవాబు తీసుకోవాలి. సంతకం పెట్టనివాడి పేరు ఊరి రచ్చబండ దగ్గర అతికించాలి. పార్టీ మారాలనుకున్న ఎమ్మెల్యే రాజీనామా చేసి రావాలని ఇప్పటి నుంచే చెప్పి ఉంచాలి.

విద్యార్థులకు ఒక పని. మీ మండలంలో గత మూడు ఎన్నికల్లో బూత్‌ల వారీగా పడిన ఓట్ల లెక్కలు ఎన్నికల సంఘం దగ్గర ఉంటాయి. తీసి చూడండి. నీళ్లు లేని ఊరు ఎటు వేసింది, నీళ్లున్న ఊరు ఎటు వేసింది, పరిహారం అందని ఊరు ఏం చేసింది? తీర్పును చదివే పని టీవీ స్టూడియోలకు, పార్టీ ఆఫీసులకు వదిలేస్తే వాళ్లు వాళ్లకు కావాల్సిందే చదువుతారు. ఉద్యోగ మిత్రులకు ఒక మాట. సంఘం జెండా ఏదైనా సరే, బ్యాలెట్ మీద కోరిక ఒక్కటే ఉండాలి. 2023లో నిరుద్యోగులకూ మీకూ వచ్చిన తేడా చూశారుగా.

పట్టభద్రుడి ఓటు డీఎస్సీ తెచ్చింది. మార్కాపురం పట్టుదల జిల్లా తెచ్చింది. నీళ్లకు కూడా దారి అదే. ఈసారి లెక్కింపు రోజు సాయంత్రం ఎవరి టపాసులు పేలినా మనకు పట్టింపు లేదు. గెలిచినవాడి ఇంటి ముందుకు మర్నాడు పొద్దున్నే, అతను సంతకం పెట్టిన కాగితం పట్టుకుని మనం వెళ్తామా, లేదా అన్నదే లెక్క.